మెడల్ అంచున ఉన్న నెంబరు



పోయిన నెలలో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "అయ్యగారండి, మీరూ పెద్దలూ ఈమధ్య బైబిలుతో పాటు ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని తిరుగుతున్నారంట, సంగతేంటండి" అని అడిగారు. ఆ ఫైలు సంగతే రాస్తున్నాము.

మందిరంలో ముందు వరసలో గోడ పక్కన కూర్చునే మన మిలటరీ తాతగారు అందరికీ తెలుసు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజుల్లో, 1964లో చేరారు. 1965 యుద్ధమప్పుడు ఉన్నారు, 1971లోనూ ఉన్నారు. తల్లికి జబ్బు చేస్తే 1974లో తనంతట తానే అడిగి ఇంటికి వచ్చేశారు. పింఛనుకు పదిహేనేళ్ల సర్వీసు కావాలి, ఆయనకు పదే. అందుకని పింఛను లేదు. తర్వాత కొబ్బరి దింపులు, వలసైపోయిన వాళ్ల తోటలకు కాపలా, అలా గడిచింది. ఇప్పుడు ఎనభై దాటాయి. మామ్మగారికి చూపు సరిగా లేదు.

పింఛను రాని మాజీ సైనికులకు, హవల్దారు హోదా వరకు ఉన్నవారికి, అరవై ఐదేళ్లు దాటితే కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా కొంత సాయం ఇస్తుంది. వారి విధవరాండ్రకూ ఇస్తుంది. నెలకు 4,000 రూపాయలుండేది, 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. డిసెంబరు 7న జెండా దినమని మన పిల్లల దగ్గర చిన్న చిన్న జెండాలకు డబ్బులు తీసుకుంటారు చూడండి, ఆ నిధికి సంబంధించిన సొమ్మే ఇది. తాతగారికి ఈ సంగతి తెలియదు. మాకూ తెలియదు. హైదరాబాదులో ఉన్న మన సంఘపు అబ్బాయి ఒకడు పేపర్లో చూసి చెప్పాడు.

దరఖాస్తు పెడదామంటే మొదట అడిగేది డిశ్చార్జి బుక్కు. అది 1996 నవంబరు 6 రాత్రి పోయింది. ఆ రాత్రి గురించి కోనసీమ వాళ్లకు మేము చెప్పనక్కర లేదు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు తలలు తెగి నిలబడ్డాయి. తాతగారి పాకలో మిగిలింది ఒక నల్ల ట్రంకు పెట్టె. దాని మూత మీద తెల్ల రంగుతో నెంబరు, ర్యాంకు, పేరు ఉండేవి. ఇప్పుడు పేరు కనబడుతోంది, నెంబరులో చివరి రెండు అంకెలూ తుప్పులో కలిసిపోయాయి.

సైన్యంలో ఎవరి రికార్డులు వారి రెజిమెంటు దగ్గరే ఉంటాయి. అన్నీ ఒకచోట ఉంటాయనుకుని ఢిల్లీకి రాయడం వృథా. మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లయితే బెంగళూరు, ఈఎంఈ అయితే సికింద్రాబాదు, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్డు, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మెడికల్ కోర్ అయితే లక్నో. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ముందు ఆయన ఏ కోర్‌లో చేశారో అడగండి. ఆ తర్వాతే కవరు మీద అడ్రసు.

తాతగారిని నెంబరు అడిగితే లేచి నిలబడి చెప్పారు. మనవల పేర్లు ఒకరివి ఒకరికి తగిలించే మనిషి, నెంబరు మాత్రం తడుముకోకుండా చెప్పారు. అయితే హిందీలో చెప్పారు. చివర "ఉన్‌సఠ్" అన్నారు. సాఠ్ అంటే అరవై అని మాకు తెలుసు. ఉన్ అంటే ఒకటి కాబోలు అనుకుని 61 వేశాము. రిజిస్టర్డ్ పోస్టులో పంపాము. రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది, ఆ నెంబరు మీద ఆ పేరుగల మనిషి లేడని.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. ఆ ఉత్తరం చూసి మేము ఆయన జ్ఞాపకాన్నే అనుమానించాము. పెద్దవారైపోయారు పాపం, ఏదో కలిపి చెప్పి ఉంటారని మాలో మేము అనుకున్నాము. ఒకరైతే అసలు మిలటరీలో చేశారా అని కూడా నోరు జారారు. అది ఆయన చెవిన పడింది. ఆయన ఏమీ అనలేదు గాని, రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు.

మూడో వారం మేమే వెళ్లాము. మామ్మగారు తాళంచెవుల డబ్బా తెచ్చి మా ముందు పోశారు. గుండీలు, విరిగిన గొలుసు ముక్క, రెండు మెడల్స్. అందులో ఒకటి 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్. మన దేశంలో మెడల్ అంచు మీద సైనికుడి నెంబరు, పేరు చెక్కి ఇస్తారన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. చింతపండుతో తోమి, మన యూత్ అమ్మాయి ఫోనులో పెద్దది చేసి చూపించింది. చివరి అంకెలు 59. ఉన్‌సఠ్ అంటే యాభై తొమ్మిది. అరవైకి ఒకటి తక్కువ అన్నమాట. తాతగారు మొదటి రోజు చెప్పింది చెప్పినట్టే సరి.

"అయ్యగారండి, నెంబరు మర్చిపోయేవాణ్ని అయితే పదేళ్లు జీతమెవరిస్తారండి" అన్నారు. క్షమాపణ చెప్పాము. మళ్లీ ఉత్తరం రాశాము. ఈసారి మెడల్ అంచు ఫోటో, ట్రంకు ఫోటో, పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ కూడా జతచేశాము. 2005 నాటి ఆ చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

జవాబు వచ్చింది. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరులో ఆయన వరస ఉంది. నెంబరు, పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ. అంతే. మిగతా సర్వీసు కాగితాలన్నీ, అంటే ఎక్కడెక్కడ చేశాడు, ఏ గాయమైంది, ఎత్తెంత, పుట్టుమచ్చలెక్కడ, అవన్నీ నిబంధన ప్రకారం ధ్వంసం చేసేశారు. పింఛను లేనివారి కాగితాలు ఇరవై ఐదేళ్లే ఉంచుతారట.

ఒకసారి లెక్క వేసి చూడండి. 1974కి ఇరవై ఐదు కలిపితే 1999. తుఫాను వచ్చింది 1996లో. తాతగారి చేతిలోని కాగితం పోయిన మూడేళ్లకు సర్కారు చేతిలో ఉన్నదీ పోయింది. ఆ మధ్యలో ఎవరైనా ఒక కార్డు ముక్క రాసి ఉంటే మొత్తం ఫైలు దొరికేది. ఆ రోజుల్లో ఈ సంఘంలో చదువుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. ఇళ్లు కట్టుకోవడం, చెట్లు నాటుకోవడం, ఆ గొడవలో ఎవరికీ తోచలేదు.

ఆఫీసుల్లో స్థలం చాలదు, పాత కాగితాలు ఎన్నాళ్లు దాస్తారని ఒకరన్నారు. నిజమే. కాని ఇరవై ఏళ్ల కుర్రాణ్ని చేర్చుకుని ముప్పై ఏళ్లకు ఇంటికి పంపితే, ఇరవై ఐదేళ్లంటే అతనికి యాభై ఐదు. సాయమేమో అరవై ఐదు దాటాకే ఇస్తామంటారు. అడగాల్సిన వయసు రాకముందే సాక్ష్యాన్ని తగలబెట్టే నిబంధన న్యాయమైనది కాదని మా అభిప్రాయం. ఆ మనిషి, అతని భార్య బతికున్నంత కాలం ఉంచాలి. స్కాన్ చేసే మిషన్లు జిరాక్స్ షాపుల్లోనే ఉన్న కాలంలో స్థలం లేదనే మాట నిలబడదు.

అమెరికాలో 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డుల భవనం అంటుకుంది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు కాలిపోయాయి. అక్కడివాళ్లు జీతాల చీటీలు, ఆసుపత్రి కాగితాలు, యూనిట్లలో రోజువారీ రాసుకున్న పట్టీలు వెదికి, ఆ మనుషుల సర్వీసును తిరిగి కూర్చే పని పెట్టుకున్నారు. అగ్నిప్రమాదమైతే ప్రభుత్వమే పక్క దారులు వెదికింది. మన దగ్గర నిబంధన ప్రకారం పోయిన వాటికి పక్క దారి వెదుక్కోవలసింది చూపు లేని మామ్మగారు, తాళంచెవుల డబ్బాలో.

ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం చివర పేర్ల పట్టిక మనం తొందరగా దాటేస్తాము. చెరనుండి తిరిగివచ్చినవారిలో కొందరు యాజకులు తమ వంశావళి కాగితాల కోసం వెదికారు, దొరకలేదు. దొరకలేదు కాబట్టి యాజక ధర్మం నుంచి పక్కన పెట్టారు. వాళ్లు అబద్ధమాడారని అక్కడ లేదు, పుస్తకంలో లేరని మాత్రమే ఉంది. ఊరీము తుమ్మీము గల యాజకుడు లేచేవరకు ఆగమన్నారు. ఎంతకాలం ఆగారో ఎక్కడా రాయలేదు. తాతగారికి "మనిషి లేడు" అని ఉత్తరం వచ్చిన రోజున ఈ భాగం చదివి మేము చాలాసేపు కూర్చున్నాము. అదే గ్రంథం ఆరో అధ్యాయంలో మందిరం కట్టుకోమన్న ఆజ్ఞ కోసం బబులోనులో వెదికిస్తే, అది దొరికింది మాదీయుల దేశంలోని వేరే పట్టణంలో. రాజు వెదికించాడు గనుక దొరికింది. మొర్దెకై చేసిన మేలు కూడా రాజుకు నిద్ర పట్టని రాత్రి ఎవరో పుస్తకం తెరిచి చదివితేనే కదా బయటపడింది.

"సంఘం పని ప్రార్థన గాని ఆఫీసుల చుట్టూ తిరగడం కాదు" అని మనలో ఒక పెద్దాయన బాధపడ్డారు. ఆయన ప్రార్థనాపరుడు, ఆయన మాట మేము తీసిపారేయము. అయినా ఆ ఫైలు మోయడం కూడా ఆరాధనలో భాగమనే మేము నమ్ముతున్నాము. ఇందులో ఆయనతో ఏకీభవించలేము.

ఇక మా సొంత సిగ్గు ఒకటి. సాయం తాతగారి తర్వాత మామ్మగారికి అందాలంటే ఆమె భార్య అని రుజువు కావాలి. వివాహం 1976లో, అంటే సైన్యం వదిలాక. కనుక ఆర్మీ కాగితాల్లో ఆమె పేరు ఎలాగూ ఉండదు. మన మందిరపు రిజిస్టరు చూద్దామని ధైర్యంగా బీరువా తీశాము. ఆ సంవత్సరపు పేజీలు తుఫానులో తడిసి ఒకదానికొకటి అతుక్కుని అట్టలా అయిపోయాయి. పైగా చెద. బుధవారం కూడిక తర్వాత నలుగురం కూర్చుని బ్లేడుతో విడదీయబోతే పొడి రాలింది. సైన్యం దగ్గర కనీసం ఒక వరస మిగిలింది, మన దగ్గర అదీ లేదు. ఇరవై ఐదేళ్ల నిబంధన మీద పైన అంత గట్టిగా రాశాము గాని, ఆ పేజీలు ఆరబెట్టకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది మన సంఘమే.

ఆపైన సంఘంలో ఆమె పేరు ఒకటి, రేషన్ కార్డులో మరొకటి. మన ఊళ్లలో ఇది ఎంతమందికో ఉంది, ఎందుకో మీకు తెలుసు. చివరికి ఆ పెళ్లి భోజనం తిన్న ఇద్దరు పెద్దలు రాజోలు వచ్చి నోటరీ ముందు సంతకాలు చేశారు. అందులో ఒకరు, ఇందాక చెప్పిన ఆ ప్రార్థనాపరుడైన పెద్దాయనే.

పోయిన డిశ్చార్జి బుక్కుకు డూప్లికేటు ఇవ్వరు, దానికి బదులు సర్వీసు సర్టిఫికెట్ అడగాలి. పోలీస్ స్టేషన్లో రాయించిన కాగితం, అఫిడవిట్ జతచేసి అదీ అడిగాము. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో సాయానికి దరఖాస్తు పడింది. ఇంకా మంజూరు కాలేదు. లాంగ్ రోల్ ఉత్తరాన్ని తాతగారు లామినేషన్ చేయించి బైబిల్లో పెట్టుకున్నారు. అందులో మన ఊరి పేరు స్పెల్లింగు తప్పు పడింది, మార్పించనా అంటే వద్దన్నారు, అప్పట్లో వాళ్లు అలాగే పిలిచేవారట.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని లోకమంతా మిలటరీ మాధవరం అంటుంది. అక్కడ ఇంటింటికీ ఒకరు చేసినవాళ్లు కనుక ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో పక్కింటివాళ్లే చెబుతారు. మన వైపు ఊరికి ఒకరిద్దరు, అడిగే దిక్కు లేదు. దిండి, మలికిపురం చుట్టుపక్కల ఇంకా ఎవరైనా ఉంటే, లేదా వారి విధవరాండ్రు ఉంటే, ఏ మతస్థులైనా సరే, వచ్చే ఆదివారం రెండో ఆరాధన తర్వాత మందిరం అరుగు మీద కూర్చుంటాము. హిందీ అంకెలు తెలిసిన టీచరమ్మగారిని కూడా రమ్మన్నాము. ట్రంకు పెట్టెలు మోసుకురానక్కర లేదు, మూత ఫోటో తీసి తెస్తే చాలు. మెడల్స్ మాత్రం తోమకుండా తీసుకురండి, అంచులు మేము చూస్తాము.