హాజరుపట్టీకి అందని నష్టం

కుంగుబాటు, ఆందోళన వల్ల ప్రపంచం ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు కోల్పోతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కానీ సీట్లో కూర్చునే, చదివిన ఫైలే మళ్లీ మళ్లీ చదువుతూ గడిచిపోయే గంటలను ఏ హాజరుపట్టీ పట్టుకుంటుంది? మన దేశంలో వైకల్య ధ్రువీకరణకు వాడే ‘ఐడియాస్’ కొలమానం స్వీయ సంరక్షణ, మానవ సంబంధాలు, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగింటికీ మార్కులు వేసి, జబ్బు ఎన్నాళ్లుగా ఉందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 40 శాతం, ఆపైన వస్తేనే చట్టం గుర్తించే ప్రధాన ప్రయోజనాలు. తీవ్ర రుగ్మతలకు ఆ గీత అవసరమే. ఉద్యోగం నెట్టుకొస్తూనే లోలోపల కుదేలవుతున్నవారు మాత్రం దాని కిందే ఉండిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘హూడాస్’ ప్రశ్నావళి వీరికి నయం; గత 30 రోజుల్లో ఏకాగ్రత, రోజువారీ పనులు ఎంత కష్టమయ్యాయో అడుగుతుంది.

సొంత జవాబులను నమ్మేదెలా అంటారు. న్యాయమైన సందేహమే. అయితే అబద్ధానికి అసలు కారణం భయం. జవాబు పదోన్నతిని మింగేస్తుందనుకుంటే ఎవరూ నిజం చెప్పరు (మన ఆఫీసుల్లో ఆ అనుమానం ఊరికే పుట్టలేదు). అందుకే పేర్లు లేకుండా, విభాగాలవారీగా కొలవాలి. ఒకే విభాగంలో అంకెలు పదేపదే దిగజారితే ముందు అక్కడి షిఫ్టులను, పనిభారాన్ని తనిఖీ చేయాలి.