పుట్టిన బిడ్డకు తొలి పరీక్ష

ఏ యంత్రాన్నైనా పనిలోకి దించేముందు పరీక్షించి, ఫలితాన్ని పుస్తకంలో నమోదు చేయడం మన వృత్తిధర్మం. పంపు ఎక్కడ బిగించినా ఆ పరీక్ష ఒక్కటే. నవజాత శిశువు విషయంలో మాత్రం పరీక్ష, పుట్టిన చోటును బట్టి మారిపోతున్నది.

సుక్మా జిల్లాలో, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారిపై ఎర్రబోరు ఉన్నది. ఇక్కడి తల్లికి కాన్పు స్థానిక ఆరోగ్యకేంద్రంలో జరగవచ్చు; జిల్లా ఆసుపత్రిలోనో, సరిహద్దు దాటి భద్రాచలంలోనో జరగవచ్చు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం శిశువుకు పైకి కనిపించే లోపాలను ప్రసవకేంద్రంలోనే గుర్తించాలి. రక్తంలో దాగిన లోపాలు కంటికి ఆనవు. వాటికై మడమనుండి కొన్ని రక్తపు చుక్కలను వడపోత కాగితంపై సేకరించే పద్ధతిని అమెరికా వైద్యుడు రాబర్ట్ గత్రీ 1960ల ఆరంభంలో ప్రచారంలోకి తెచ్చాడు. నగరాల పెద్ద ఆసుపత్రులు ఆ చుక్కలతోనే డజన్లకొద్దీ రుగ్మతలను వెదకుతాయి. కేరళ ప్రభుత్వం ఎంపిక చేసిన కొన్నింటికి పరీక్ష జరిపిస్తున్నది. అనేక చిన్న కేంద్రాలలో ఆ కాగితమే ఉండదు.

ఈ వ్యత్యాసపు మూల్యం స్వల్పం కాదు. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి డాక్టర్ రాధా రమాదేవి బృందం 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్నది. రెండు వారాలలోగా చౌకైన థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే బుద్ధిమాంద్యాన్ని చాలావరకు నివారించవచ్చు. అయితే పుట్టిన తొలి గంటలలో సంబంధిత హార్మోను సహజంగానే పెరుగుతుంది కనుక, మడమరక్తం 48 గంటల తరువాత తీయడం మేలు. అంతకుముందే ఇంటికి వెళ్ళే తల్లులున్నచోట కాన్పు సమయంలోనే బొడ్డుతాడు రక్తాన్ని తీసుకోవచ్చును.

మధ్యభారత గిరిజన సీమలలో విస్తరించిన సికిల్ సెల్ వ్యాధిదీ ఇదే కథ. దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న షహడోల్‌లో ప్రారంభమైనది. పెద్దలకు వాడే సాల్యుబిలిటీ పరీక్ష నవజాత శిశువులకు పనికిరాదు. వారి రక్తంలో గర్భస్థదశ హిమోగ్లోబిన్ అధికంగా ఉండటమే కారణం. వారికి హెచ్.పి.ఎల్.సి. వంటి పరీక్ష కావాలి. ముందే తెలిస్తే పెన్సిలిన్ రక్షణ కల్పించవచ్చు. 1986లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఆ మందు పసిపిల్లలలో తీవ్రమైన అంటువ్యాధులను 84 శాతం తగ్గించింది.

ప్రతి పల్లెలోను ప్రయోగశాల నెలకొల్పనక్కరలేదు. ఆరిన రక్తపుచుక్క తపాలాలోనైనా ప్రయాణించగలదు. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. తల్లి ఒక ఆసుపత్రిలో ప్రసవించి, మరో ఊరికి పోయిన తరువాత ఫలితం ఆమెను చేరుకోవాలి. కావున మన ఇళ్ళలో కాన్పు జరిగినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం: రక్తం తీశారా? ఎన్ని గంటలకు తీశారు? ఫలితం ఎవరు, ఎప్పుడు చెబుతారు? ఎర్రబోరు తల్లి తరఫున ఈ ప్రశ్నలను ఆరోగ్య కార్యకర్త అడగాలి. ఇంటికి చేరని ఫలితం, జరగని పరీక్షతో సమానం.