కాపురం రెండు చోట్ల.. పన్ను లెక్క ఎవరి ఖాతాలో?

రియాద్‌లో నేను, హైదరాబాద్‌లో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. 2019 నుంచి మా కాపురం ఇలాగే సాగుతోంది. కారణం గల్ఫ్‌లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. 2017 జూలైలో డిపెండెంట్ ఫీజు తలకు నెలకు 100 రియాళ్లతో మొదలైంది. ఏటా వంద పెరుగుతూ 2020 జూలైకి 400కు చేరింది. ముగ్గురికి లెక్కేస్తే ఏడాదికి 14,400 రియాళ్లు, అదీ ఇఖామా రెన్యువల్ నాడే ముందుగా కట్టాలి. ఆ భారం పూర్తిగా మీద పడకముందే ఇంటివాళ్లకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాను.

సౌదీలో జీతం మీద ఆదాయ పన్ను లేదు. అందుకే పన్ను గొడవ మనది కాదనుకున్నాను. ఈసారి రిటర్న్ వేసే వేళ ఆడిటర్ అడిగిన ఒక్క ప్రశ్నతో కళ్లు తెరుచుకున్నాయి. "మేడం పేరున ఉన్న 30 లక్షల ఎఫ్‌డీ ఎవరి డబ్బు సార్?"

నేను పంపిన డబ్బే. భార్యకు ఇచ్చిన సొమ్ము మీద ఆమెకు పన్ను లేదు. కానీ దానిపై వచ్చే వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. 1961 ఆదాయ పన్ను చట్టంలో ఇది సెక్షన్ 64. 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే సూత్రం.

తేడా ఎక్కడొచ్చింది?

వడ్డీ ఏటా 2.10 లక్షలు. మా ఆవిడ టీచరు, జీతం 6 లక్షలు. వడ్డీ ఆమె లెక్కలో ఉంటే కొత్త విధానంలో 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. నా లెక్కలో అలా కుదరదు. ఫ్లాటు అద్దెలో 30 శాతం తగ్గింపు పోగా 2.52 లక్షలు మిగులుతుంది. వడ్డీ కలిపితే 4.62 లక్షలు. 4 లక్షలు దాటిన దానికి పన్ను పడుతుంది. ఎన్ఆర్ఐకి ఆ రిబేటు వర్తించదు. సెస్సుతో కలిపి 3,224 రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఫోన్‌లో చెబితే మా ఆవిడ అడిగింది: "నా పేరున ఉన్నదానికి మీరు పన్ను కట్టడమేంటండీ? అయితే అది నాది కానట్టేనా?"

జవాబు చెప్పలేకపోయాను. రాబడి కలపడానికి మేమిద్దరం ఒకటి, మినహాయింపులు పంచుకోవడానికి మాత్రం వేర్వేరు.

ఉమ్మడి రిటర్న్ వస్తే?

2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ, దంపతులు కోరుకుంటే ఉమ్మడి రిటర్న్ వేసే వీలు కల్పించాలని సూచించింది. ఆ బడ్జెట్‌లో అది రాలేదు. వస్తే మనకు మేలేనా? నాకు అనుమానమే.

అమెరికాలో ఉమ్మడి రిటర్న్ ఉంది. అక్కడ పనిచేసే భర్త, ఇండియాలో ఉన్న భార్యను రెసిడెంట్‌గా లెక్కించమని కోరి ఉమ్మడిగా వేయొచ్చు. కానీ అప్పుడు ఆమె ఇండియా ఆదాయం కూడా అమెరికా రిటర్న్‌లో చూపాలి. అదే పద్ధతి ఇండియా పాటిస్తే, మన సౌదీ జీతం భార్య రిటర్న్ దారిన పన్ను గడపలోకి రావచ్చు. బ్రిటన్ 1990లో భార్యాభర్తల పన్నును విడదీసింది కూడా భార్య ఆదాయానికి సొంత గుర్తింపు ఉండాలనే. కాబట్టి మనం అడగాల్సింది ఉమ్మడి రిటర్న్ కాదు. వేర్వేరు దేశాల్లో ఉన్న దంపతులకు ఈ వడ్డీ కలిపే నిబంధన నుంచి సడలింపు అడగాలి.

అంతవరకూ ఏం చేయాలి?

మిగులు డబ్బు మీ ఎన్ఆర్ఈ ఖాతాలోనే డిపాజిట్ చేయండి. మీరు ఎన్ఆర్ఐగా ఉన్నంతకాలం ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. దగ్గరి బంధువుగా భార్యను 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో జాయింట్ హోల్డరుగా చేర్చవచ్చు. మనకేదైనా జరిగితే డబ్బు ఆమె చేతికి అందుతుంది. ఇండియా ఆదాయం 15 లక్షలు దాటేవారు మాత్రం దేశంలో గడిపే రోజులు లెక్కపెట్టుకోవాలి. వారికి 182 రోజుల బదులు 120 రోజుల పరిమితి వర్తించవచ్చు.

మేం ఎఫ్‌డీ మార్చలేదు. అది ఆమె పేరునే ఉండాలని ఇద్దరం అనుకున్నాం. దూరంగా ఉండి ఇల్లు నడిపే మనిషికి సొంత పేరున కొంత సొమ్ము ఉండటం ధైర్యం. ఆ 3,224 రూపాయలు నేనే కడుతున్నాను.