మూలుగదానము – మన కర్తవ్యము

మన లాల్‌గడి మలక్‌పేట్ గ్రామమునకు చేరువ తుర్కపల్లి ప్రాంతమున 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీ నేడు వర్ధిల్లుచున్నది. అచ్చటి పరిశోధనాలయములను నిత్యము చూచు మన విద్యార్థులు జీవశాస్త్రమును పరీక్షలకై వల్లించు పాఠముగా మాత్రమే యెంచరాదని మా యభిప్రాయము. ఇందుకొక నిదర్శనము చూపుదుము.

తలసీమియా, రక్తపు క్యాన్సరు మున్నగు వ్యాధులచే బాధపడువారిలో కొందఱికి అన్యుల మూలుగలోని మూలకణములే శరణ్యము. దాతకును రోగికిని హెచ్.ఎల్.ఏ. యను కణజాలపు గుర్తులు సరిపోలవలయును. వీనిలో మొదటిదానిని 1958లో ఫ్రెంచి వైద్యుడు జాన్ దొస్సే కనుగొనెను. వీని జన్యువులు ఆఱవ క్రోమోజోముపై నున్నవి. నేటికి తెలిసిన భేదములు 30,000కు మించినవి.

ఇన్నింటిలో నొకదానిని గుర్తించుట యెట్లు? రమారమి ఇరువది యక్షరముల చిన్న డి.ఎన్.ఏ. పోగును ప్రయోగశాలలో కృత్రిమముగా కూర్తురు. దీనికి ప్రోబు అని పేరు. రోగి డి.ఎన్.ఏ.ను కాచి జంటపోగులను విడదీసి, ప్రోబుతో కలుపుదురు. తగిన వేడిమియందు అక్షరములన్నియు జతపడిననే ప్రోబు అతుకుకొనును. ఒక్కటి తప్పినను విడిపోవును. ఈ సూక్ష్మమును 1979లో బ్రూస్ వాలస్ మున్నగువారు నిరూపించిరి. 1986లో హెన్రీ ఎర్లిక్ బృందము దీనిని హెచ్.ఎల్.ఏ. జన్యువులకు వర్తింపజేసెను.

శాస్త్రము తన పని తాను చేసినది. ఇక కొదువ దాతలదే. తోడబుట్టినవారిలో ఒక్కొక్కరు పూర్తిగా సరిపోలుటకు అవకాశము నాలుగింట నొకటి మాత్రమే. ఈ గుర్తులు వంశపారంపర్యములు గావున, తెలుగు రోగికి తగిన దాత తెలుగువారియందే దొరకుట యెక్కువ సంభావ్యము. కావున 2009లో చెన్నపట్టణమున స్థాపితమైన దాత్రి వంటి దాతల పట్టికలలో మనవారు చేరవలయును. చెక్కిలిలోపల దూదిపుల్లతో నద్దిన తడియే పరీక్షకు చాలును.

మూలుగ నిచ్చిన బలము క్షీణించునని కొందఱు తలిదండ్రులు శంకింతురు. నేడు పెక్కుమారులు మూలకణములను చేతి రక్తమునుండియే తీయుదురు. శరీరము వానిని మరల పూరించుకొనును. అయితే పేరిచ్చుటకు ముందే యింటివారితో చక్కగా ఆలోచింపవలయును. చికిత్సకు ముందు రోగి మూలుగను మందులచే నశింపజేయుదురు. ఆ పిమ్మట దాత వెనుదీసిన రోగి ప్రాణమునకే ముప్పు.

మంచి సమరయుని కథను మన బాలబాలికలు చిన్ననాటనే విందురు. గాయపడినవానిని ఆదుకొన్నది బంధువు గాదు, పరదేశి. ఎన్నడును చూడని యొకరి ప్రాణమును నిలుపు గుర్తు మనలో నెవరి రక్తమందున్నదో పరీక్షించిననే గాని తెలియదు. పదునెనిమిదేండ్లు నిండినవారు ముందడుగు వేయుదురు గాక. చిన్నవారు ఈ సంగతిని నేడే తమ యింట చెప్పుదురు గాక.