మెయింటెనెన్సా, నా తలకాయా!

విదేశాల్లో ఏ పాత పేట చూసొచ్చినా మన ఐటీ జనం నోట ఖాయంగా వచ్చే డైలాగు ఒకటుంది. "వాళ్ళు హెరిటేజ్‌ని ఎంత బాగా మెయింటెయిన్ చేస్తారండీ! మన దగ్గరైతే ఈపాటికి కూల్చేసి అపార్ట్‌మెంట్లు లేపేసేవాళ్ళు." వెనిస్ వెళ్ళొచ్చినా ఇదే, ప్రాగ్ వెళ్ళొచ్చినా ఇదే. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కేప్‌టౌన్‌లో, బో-కాప్ వీధుల్లో నిలబడి విన్నప్పుడైతే మరీను.

బో-కాప్ పేరు తెలియకపోయినా ఫోటో చూసే ఉంటారు. గులాబీ, పచ్చ, నారింజ, నీలం రంగుల ఇళ్ళు వరసగా, రాళ్ళు పరిచిన ఎత్తు వీధి, వెనకాల కొండ. ప్రాజెక్టు పని మీద వెళ్ళిన మేం నలుగురం ఒక శనివారం పొద్దున్నే వేల్ స్ట్రీట్ కింది చివర దిగాం. ఆ మూలనే స్లేవ్ లాడ్జ్ ఉంది. 1679లో డచ్ ఈస్టిండియా కంపెనీ తన బానిసల్ని కుక్కి ఉంచడానికి కట్టిన కొట్టం, ఇప్పుడు మ్యూజియం. అదే వీధి పట్టుకుని పైకి నడిచి పెద్ద రోడ్డు దాటితే బో-కాప్. మావాళ్ళు మాత్రం లాడ్జ్ గడప తొక్కలేదు. "లోపల బోర్డులు తప్ప ఏముంటాయి బ్రదర్, లైటింగ్ పోతుంది, పద" అన్నారు.

సరే, ఆ బోర్డుల సంగతి నేను చెప్తా. 1652లో కేప్‌లో దిగిన డచ్ వాళ్ళు చాకిరీకి మనుషుల్ని ఇండోనేషియా దీవుల నుంచి, మడగాస్కర్ నుంచి, మన దేశం నుంచి తెచ్చుకున్నారు. వాళ్ళ పేర్లు తీసేసి, ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆ చోటి పేరు తగిలించారు. ఫలానా వాన్ బెంగాల్, ఫలానా వాన్ మలబార్, ఫలానా వాన్ కోరమండల్. కోరమండల్ అంటే డచ్ లెక్కలో మన మచిలీపట్నం, భీమిలి కూడా వస్తాయి. కరువు రోజుల్లో ఆ తీరం మీద జనం కన్నబిడ్డల్ని అమ్ముకుంటే కొని ఓడెక్కించింది ఈ కంపెనీయే. కాబట్టి "కేప్ మలయ్" అన్న పేరు చూసి ఎవరిదో కథ అనుకోనక్కర్లేదు.

బో-కాప్‌లో పాత ఇళ్ళు 1760లలో యాన్ డి వాల్ అనే ఆసామి అద్దెకివ్వడానికి కట్టించినవి. 1834లో బానిసత్వం రద్దయ్యాక విడుదలైన వాళ్ళు ఎంతోమంది ఇక్కడ చేరారు. దేశంలోనే మొదటి మసీదు 1794 నాటిది, డార్ప్ స్ట్రీట్‌లో ఉంది. దాని తొలి ఇమాము తువాన్ గురు, తిడోరె దీవి రాజకుటుంబీకుడు. డచ్ వాళ్ళు ఆయన్ని రాబెన్ దీవిలో ఖైదు చేస్తే అక్కడ కూర్చుని ఖురాను మొత్తం జ్ఞాపకం మీద రాశాడు. (మనకి రాబెన్ దీవి అంటే మండేలా ఒక్కడే గుర్తొస్తాడు.) ఈ రంగులంటారా, పాత ఫోటోల్లో ఇవన్నీ దాదాపు వెల్లగోడలే. అద్దెకున్నన్నాళ్ళూ తెల్లగానే ఉంచాలన్నారనీ, సొంతమయ్యాక ఇష్టమొచ్చిన రంగు వేసుకున్నారనీ గైడ్లు చెప్తారు.

ఇంతకీ దీన్ని "మెయింటెయిన్" చేసిందెవరు? గవర్నమెంటా? ఆ గవర్నమెంటు 1950లో గ్రూప్ ఏరియాస్ యాక్ట్ అని తెచ్చి ఏ రంగు మనిషి ఏ వీధిలో ఉండాలో గీతలు గీసింది. బో-కాప్‌ని మలయ్ వాళ్ళకని రాసి మిగతా వాళ్ళని వెళ్ళగొట్టింది. సిటీకి అటు పక్కనున్న డిస్ట్రిక్ట్ సిక్స్‌ని 1966లో తెల్లవాళ్ళ ఏరియా అని ప్రకటించి, 60 వేలకు పైగా జనాన్ని ఖాళీ చేయించి ఇళ్ళమీద బుల్డోజర్లు నడిపింది. ఆ నేలలో చాలా భాగం దశాబ్దాల పాటు ఖాళీగా పడుంది. ఒకే ఊరు, ఒకే గవర్నమెంటు. ఇందులో హెరిటేజ్ మీద గౌరవం ఎక్కడ కనపడిందో మా సీనియర్ గారు చెప్పాలి. "అదంతా పాతకథ కదండీ" అన్నారాయన.

పాతకథేం కాదు. 2018లో బహుళ అంతస్తుల బిల్డింగులు నెత్తిమీదకొస్తుంటే ఆ పేట జనం రోడ్లకి అడ్డం నిలబడ్డారు, క్రేన్‌ని రానివ్వలేదు, పోలీసులతో తలపడ్డారు. 2019లో సిటీ కౌన్సిల్ దాన్ని హెరిటేజ్ రక్షణ పరిధిలోకి తెచ్చింది ఆ తర్వాతే. "మన దగ్గరైతే కూల్చేసేవాళ్ళు" అనే పెద్దమనుషులకి అక్కడా కూల్చబోయారనే ముక్క తెలీదు.

ఇక మన ఘనకార్యం. మావాళ్ళు ఒక పచ్చ ఇంటి అరుగు ఎక్కి కాలు మీద కాలేసుకుని పోజులు పెడుతున్నారు. లోపల్నుంచి ఒక పెద్దావిడ కూరల సంచీతో తలుపు తీసి, తన గుమ్మంలోనే ఆగి, మా ఫోటో అయ్యేదాకా చూస్తూ నిలబడింది. సారీ చెప్పి నేను లేపితే గానీ లేవలేదు. ఆమె ఏమీ అనలేదు, ఎన్ని బ్యాచుల్ని చూసిందో. మధుర మీనాక్షి గుళ్ళో చెప్పులతో తిరిగే ఫారినర్ల మీద చిందులేసే మనకి ఎవరి ఇంటి అరుగో తెలీదా?

అక్కడితో అయిపోలేదు. "ఈసారి హోటలొద్దండీ, ఇక్కడే ఒక ఇల్లు తీసుకుందాం, నాలుగు రోజులు" అని సీనియర్ గారి ప్లాను. ఆ మోజు కోసమే బయటివాళ్ళు ఆ ఇళ్ళు కొని టూరిస్టులకి రోజువారీ అద్దెకి తిప్పుతున్నారు. ఇళ్ళ రేట్లు పెరిగితే ఆస్తి పన్నూ పెరుగుతుంది. తాతల నాటి ఇంట్లో పెన్షను మీద బతికే మనిషి అది కట్టలేక అమ్ముకుంటే, కొనేవాడు మళ్ళీ మనకే అద్దెకిస్తాడు. ఐటీ వాళ్ళు దిగాక అద్దెలేమవుతాయో హైదరాబాద్ వాళ్ళకి నేను చెప్పాలా?

2019 నాటి ఆ రక్షణతో ఇల్లు కూల్చాలన్నా, రూపం మార్చాలన్నా అనుమతి కావాలి. ఇల్లు ఎవరు కొంటారో, ఎంతకి అద్దెకిస్తారో దాని చేతిలో లేదు. గోడలు రంగులతో సహా అలాగే ఉండి, లోపల పెద్దావిడలు ఒక్కొక్కరే ఖాళీ అయిపోవచ్చు. అప్పుడూ మనవాళ్ళు ఆ అరుగు మీదే కూర్చుని "ఎంత బాగా మెయింటెయిన్ చేస్తున్నారండీ" అనే అంటారు.