చెట్టుకి సొంతూరు అంటే ఏంటి?

మేపుల్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి కెనడా జెండా, రెండోది పాన్‌కేక్ మీద పోసుకునే సిరప్. నాకూ అంతే ఉండేది. ఆన్‌సైట్ పని మీద మ్యూనిక్‌లో ఉన్నప్పుడు ఒక అక్టోబర్ శనివారం మా టీమ్ వాళ్ళు "పద, ఆకులు చూసొద్దాం" అంటే, ఆకులు చూడ్డానికి రెండు గంటలు కారులో వెళ్ళడమేంట్రా బాబూ అనుకుంటూనే బయల్దేరాను. వెళ్ళింది ఆస్ట్రియాలోని టిరోల్‌కి. కార్వెండెల్ కొండల మధ్య గ్రోసర్ ఆహోర్న్‌బోడెన్ అనే చోటు. పెద్ద మేపుల్ మైదానం అని చెప్పుకోవచ్చు. 1,100 మీటర్లకి కాస్త అటూ ఇటూ ఎత్తులో పచ్చిక బయలు, చుట్టూ సున్నపురాయి గోడలు, మధ్యలో రెండు వేలకి పైగా మేపుల్ చెట్లు. కొన్నిటి వయసు మూడు నాలుగు వందల ఏళ్ళ పైమాటే. ఆవులు ఆ చెట్ల కిందే మేస్తుంటాయి. 1927 నుంచి అది రక్షిత ప్రకృతి స్మారకం.

అక్కడున్న చెట్టు పేరు ఏసర్ సూడోప్లాటనస్. జర్మన్ వాళ్ళు బెర్గ్‌ఆహోర్న్ అంటారు, అంటే కొండ మేపుల్. బ్రిటిష్ వాళ్ళు సికమోర్ అంటారు. అసలు గొడవంతా ఈ పేరు దగ్గరే మొదలవుతుంది. అమెరికాలో సికమోర్ అంటే వేరే చెట్టు, అది ప్లేన్ జాతి. బైబిల్లో జక్కయ్య ఎక్కిన సికమోర్ ఇంకోటి, అది మన మేడికి చుట్టం. అందుకే తెలుగు బైబిల్లో మేడి చెట్టు అనే ఉంటుంది. లిన్నేయస్ 1753లో పెట్టిన శాస్త్రీయ నామానికి కూడా "దొంగ ప్లేన్" అనే అర్థం వస్తుంది. ఒకే వేరియబుల్ పేరుని మూడు మాడ్యూళ్ళలో మూడు రకాలుగా వాడితే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు :) తెలుగులో దీనికి వాడుక పేరు లేదు కాబట్టి నేను కొండ మేపుల్ అనే రాస్తాను.

అసలు విషయానికొస్తాను. ఈ చెట్టు గురించి చదువుతున్నకొద్దీ నాకు ఒక సంగతి బలంగా అనిపించింది. చెట్ల గురించి మనం రెండు నినాదాలు వింటూంటాం. ఒకటి "ఏ చెట్టయినా పచ్చదనమే, నాటెయ్యండి". రెండోది "స్థానిక చెట్టు మంచిది, విదేశీ చెట్టు చెడ్డది". రెండూ తప్పే అని నా అభిప్రాయం. రెండింటినీ తప్పని చూపించడానికి ఈ ఒక్క చెట్టు చాలు.

ముందు దాని సొంతూరు చూద్దాం. పటంలో అయితే పిరనీస్ నుంచి ఆల్ప్స్, కార్పాథియన్ల మీదుగా కాకసస్ దాకా, కింద సిసిలీ కొండల వరకు ఉంటుంది. కానీ ఈ గీతల్లో ఎక్కడపడితే అక్కడ అది రాజ్యమేలదు. మామూలు కొండ అడవిలో రాజు బీచ్ చెట్టు. దాని నీడ ఎంత చిక్కగా ఉంటుందంటే కింద ఇంకేదీ ఎదగడం కష్టం. అలాంటి అడవిలో కొండ మేపుల్ ఒకటో రెండో, అక్కడక్కడా విసిరేసినట్టు కనిపిస్తుంది. అది గుంపుగా నిలబడేది బీచ్ నిలబడలేని చోట. అంటే ఏటవాలు లోయలు, పైనుంచి రాళ్ళు దొర్లుతూ ఉండే వాలులు, మట్టి కుదురుగా ఉండని, ఎప్పుడూ తేమగా చల్లగా ఉండే కనుమలు. రాయి తగిలి మాను దెబ్బతింటే మళ్ళీ చిగురేస్తుంది. గులకరాళ్ళలో మొదలు కొంత కూరుకుపోయినా తట్టుకుంటుంది. పక్కన యాష్, విచ్ ఎల్మ్, లైమ్ చెట్లు ఉంటాయి, కింద ఫెర్న్‌లు. ఐరోపా సమాఖ్య 1992లో చేసిన ఆవాసాల చట్టంలో ఈ రకం అడవికి 9180 అనే కోడ్ ఇచ్చి, ప్రాధాన్యంతో కాపాడాల్సినవాటిలో పెట్టారు. గమనించండి, అక్కడ కోడ్ ఇచ్చింది చెట్టుకి కాదు, చోటుకి.

ఆ చోటు దాని విత్తనంలోనే రాసి ఉంటుంది. మేపుల్ గింజకి ఒక రెక్క ఉంటుంది, రాలేటప్పుడు హెలికాప్టర్ ఫ్యాన్‌లా గిరగిరా తిరుగుతూ మెల్లగా దిగుతుంది. రెక్క ముందు అంచు మీద చిన్న సుడి ఏర్పడి, అది పైకి పట్టి ఉంచుతుందని 2009లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పురుగులూ, గబ్బిలాలూ వాడే ఉపాయమే ఇదీనూ. సరే, ఎగరడం బావుంది, కానీ దిగాక? ఈ గింజ పూర్తిగా ఎండిపోతే చచ్చిపోతుంది. తేమ పోయిందంటే పనికిరాదు. అలాగని తేమ ఉంటే చాలదు, కొన్ని వారాలు మంచి చలి తగలాలి, అప్పుడే మొలకెత్తుతుంది. అంటే తడి శరదృతువు, చల్లని శీతాకాలం రెండూ దానికి డిపెండెన్సీలు. అవి లేని చోట ఇన్‌స్టాల్ అవ్వదు.

సొంతచోట అది చేసే పని కూడా తక్కువేం కాదు. బీచ్ ఆకుల కంటే దీని ఆకులు తొందరగా కుళ్ళి మట్టిలో కలుస్తాయి. వసంతంలో వేలాడే పూగుత్తుల్లో తేనెటీగలకి బోలెడు మకరందం. ముసలి చెట్టు బెరడు పెచ్చులు పెచ్చులుగా అయ్యాక దాని మీద రకరకాల లైకెన్లు పెరుగుతాయి.

ఇప్పుడు ఇదే చెట్టుని ఊరు దాటించి చూద్దాం. బ్రిటన్‌కి దీన్ని మనుషులే తెచ్చారని ఎక్కువమంది ఒప్పుకునే మాట. అక్కడి తేమ, చలి దీనికి సరిగ్గా సరిపోయాయి. తెగ పెరిగింది. దాంతో ప్రకృతి సంరక్షకుల్లో చాలామందికి అది కలుపు చెట్టు అయిపోయింది, పాత అడవుల్లోంచి నరికి తీసేసిన సందర్భాలు బోలెడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కొన్ని చోట్ల కూడా దాన్ని కలుపు కిందే లెక్కేస్తారు.

మరి అదే బ్రిటన్‌లో 2023 సెప్టెంబర్ 28న ఏం జరిగింది? హేడ్రియన్ గోడ పక్కన, రెండు గుట్టల మధ్య పల్లంలో ఒంటరిగా నిలబడిన సికమోర్ గ్యాప్ చెట్టుని అర్ధరాత్రి రంపంతో కోసేశారు. 1991లో వచ్చిన రాబిన్‌హుడ్ సినిమాలో కనిపించిన చెట్టు అది. 19వ శతాబ్దంలో ఒక భూస్వామి నాటించినదని చెబుతారు. దేశం దేశమంతా ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చింది. 2025లో ఇద్దరికి నేరం రుజువై నాలుగేళ్ళ మూడు నెలల చొప్పున జైలు పడింది. మొదలు మాత్రం చావలేదు, 2024లోనే చిగుళ్ళు వేసింది. దాని ఎత్తు 49 అడుగులు, అందుకని 49 మొక్కలు పెంచి పంచుతామని నేషనల్ ట్రస్ట్ ప్రకటించింది.

ఒకపక్క "విదేశీ కలుపు" అని నరికిన చెట్టు, ఇంకోపక్క జాతి గుండెకాయ. ఏది నిజం? రెండూ నిజమే. ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ అడిగిన ప్రశ్న వేరు. ఒక పాత అడవిలో వేల మొలకలతో మిగతా వాటి చోటు ఆక్రమిస్తే అది సమస్య. గొర్రెలు మేసే గుట్ట మీద ఒక్కటే నిలబడి నూరేళ్ళకి పైగా బాటసారులకి గుర్తుగా ఉంటే అది ఆస్తి. ఇందులో ఇంకో మలుపు కూడా ఉంది. యాష్ చెట్లని చంపే శిలీంధ్రం 2012లో బ్రిటన్‌లో బయటపడింది. యాష్ చెట్లు పోతూంటే, వాటి మీద బతికే లైకెన్లలో కొన్నిటికి తల దాచుకోడానికి దొరికే చెట్లలో ఈ సికమోర్ ఒకటని తేలింది. నిన్నటిదాకా నరకమన్నవాళ్ళే కొన్ని చోట్ల ఇప్పుడు ఉంచమంటున్నారు. చెట్టు మారలేదు, చుట్టూ వ్యవస్థ మారింది.

కాబట్టి "సొంతూరు" అంటే పటంలో రంగు కాదు, ఎన్నేళ్ళ నుంచి ఉంది అన్న లెక్క మాత్రమే కూడా కాదు. చుట్టుపక్కల వాటితో దానికున్న సంబంధాలే దాని సొంతూరు. కోడ్ ఒకటే, ఎన్విరాన్‌మెంట్ వేరు. "నా మెషిన్‌లో పనిచేసిందిగా" అనే మాట ఎంత అమాయకమో, "మంచి చెట్టేగా, ఎక్కడ నాటితే ఏం" అనేది కూడా అంతే. సర్కారు తుమ్మ దాని పుట్టిన అమెరికా ఖండంలో ఒక మామూలు ముళ్ళ చెట్టు. మన చెరువు గట్ల మీద దాని సంగతి ఊళ్ళో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. "మనం కూడా వలస వచ్చిన సికమోర్‌లమే కదా గురూ" అని. దయచేసి వద్దు. ఆ పోలిక ముచ్చటగానే ఉంటుంది, కానీ అది రెండువైపులా తెగే కత్తి. ఈ రోజు మనం దాన్ని సరదాకి వాడితే, రేపు ఇంకొకడు "కలుపు తీసేద్దాం" అని మన మీదే వాడతాడు. మనిషి కొత్త ఊరి భాష నేర్చుకుంటాడు, పన్ను కడతాడు, పక్కింటివాళ్ళతో మాట్లాడుకుని సర్దుకుంటాడు. చెట్టు అవేవీ చెయ్యదు. అడవి లెక్కలు అడవికే ఉంచుదాం.

మళ్ళీ ఆ మైదానానికి వస్తాను, నాకు అసలు దిగులు అక్కడే. మేము వెళ్ళినప్పుడు ఆకులన్నీ బంగారం రంగులో ఉన్నాయి, అందరూ ఫోటోల మీద ఫోటోలు. నేను మాత్రం చాలాసేపు కంచెల్లాంటివి చూస్తూ నిలబడ్డాను. ముసలి చెట్ల మధ్య అక్కడక్కడా చిన్న మొక్కలు, ఒక్కోదాని చుట్టూ ఒక్కో కర్ర దడి. ఆవుల నుంచి కాపాడ్డానికట. ఆలోచిస్తే విచిత్రం. ఆ బయలు అంత విశాలంగా మిగిలింది ఆవులు మేయడం వల్లే, లేకపోతే స్ప్రూస్, బీచ్ ఎప్పుడో కమ్మేసేవి. అదే ఆవులు చిన్న మొక్కల్ని కూడా మేసేస్తాయి కాబట్టి, ముసలి చెట్టు పడిపోతే వారసుడు ఉండడు. అందుకని మేత ఆపరు, మొక్కలు నాటి దడి కడతారు. అంటే అది ఒట్టి అడవీ కాదు, ఒట్టి తోటా కాదు. పశువుల కాపరులూ, చెట్లూ వందల ఏళ్ళుగా కలిసి నడుపుతున్న వ్యవస్థ. కాపరులు మానేస్తే అది పోతుంది, మేత మితిమీరినా పోతుంది. ఎవరో ఒకరు రోజూ మెయింటెనెన్స్ చెయ్యాల్సిందే.

దీనికి తోడు ఎండలు పెరుగుతున్నాయి. కొండ మేపుల్‌ని కింద పట్టణాల్లో, మైదానాల్లో కూడా చాలా నాటారు. 2018 నాటి వేడి, కరువు వేసవి తర్వాత జర్మనీలో మసి బెరడు తెగులు బాగా కనిపించింది. బెరడు కింద నల్లటి పొడి, అది శిలీంధ్రం. చెట్టు ఆరోగ్యంగా ఉంటే దాన్ని అణచి ఉంచుతుంది, నీళ్ళు లేక నీరసిస్తే అది విజృంభిస్తుంది. ఆ పొడి పీలిస్తే చెట్లు నరికేవాళ్ళ ఊపిరితిత్తులకి కూడా ప్రమాదం. ఇక లోయ అడవుల్లో కొండ మేపుల్‌కి తోడుగా ఉండే ఎల్మ్‌ని ఒక తెగులు, యాష్‌ని ఇంకో తెగులు ఇప్పటికే దెబ్బతీశాయి. చల్లని కనుమల్లో మిగిలిన ఆ అడవులు చెడితే, కింద లక్ష మొక్కలు నాటినా ఆ లెక్క సరిపోదు. నర్సరీలో దొరికేది చెట్టే, లోయ దొరకదు.

ఇదంతా మనకెందుకు అంటారా? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆయన చేతిలోని వాద్యం మనకి ఐరోపా నుంచి వచ్చిందే. క్రెమోనా కాలం నుంచి వస్తున్న పద్ధతిలో వయొలిన్ ముందు పలక స్ప్రూస్, వెనక పలకా, పక్కలూ, మెడా మేపుల్. ఆ చల్లని కొండవాలు మీద నెమ్మదిగా పెరిగే జాతి కర్రే అందుకు పనికొచ్చింది. విజయనగరంలో మోగిన సంగీతానికి ఆ కనుమలకీ ఆ మాత్రం బంధుత్వం ఉంది.

నేను చెప్పేది చివరికి ఒక్కటే. ఈసారి ఎవరైనా "ఇన్ని లక్షల మొక్కలు నాటాం" అని చెప్తే, ఏ మొక్క, ఏ చోట, దాని పక్కన ఏముంది, అయిదేళ్ళ తర్వాత ఎవరు చూస్తారు అని అడగండి. ఎన్ని లైన్ల కోడ్ రాశావు అన్నది ఎంత పనికిమాలిన కొలతో మన ఉద్యోగంలో మనకి తెలుసు. మొక్కల అంకె కూడా అంతే. ఆహోర్న్‌బోడెన్‌లో ఒక్క మొక్కకి ఒక్క దడి కట్టినవాడు ఆ చెట్టు పెద్దదవ్వడం చూడడు. చూడనని తెలిసే కట్టాడు.