వంశం గొప్పదే, కళ్ళ మాటేమిటి?

జాతికుక్కను కొనబోయేవాడు ముందుగా అడిగేది పెడిగ్రీ కాగితాలు. తండ్రి ఎవరు, తాత ఎవరు, ఏ ప్రదర్శనలో ఎన్ని పతకాలు వచ్చాయి - అన్నీ అందులో ఉంటాయి. ఆ కుక్క అయిదారేళ్ళ తర్వాత చీకట్లో మెట్లు చూసి దిగగలదా అన్నది మాత్రం ఉండదు.

కుక్కల్లో వంశపారంపర్యంగా వచ్చే రెటీనా క్షీణతను 1911లో స్వీడన్‌లో గోర్డన్ సెట్టర్ జాతిలో వర్ణించారు. సాధారణంగా మసక వెలుతురులో చూపునిచ్చే దండకణాలు ముందు నశిస్తాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది. తర్వాత పగటి చూపునిచ్చే శంకుకణాలూ పోతాయి. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అలవాటైన ఇంట్లో కుక్క తడబడదు గనక యజమానికి ఆలస్యంగా గాని తెలియదు.

ఐరిష్ సెట్టర్లలో దీనికి కారణమైన జన్యులోపం 1993లో బయటపడింది. లాబ్రడార్, పూడ్లు, కాకర్ స్పానియల్ వంటి ఎన్నో జాతుల్లో కనిపించే మరో రకానికి జన్యువులో ఒక్క అక్షరం మారడమే కారణమని 2006లో తేలింది. ఈ రెండూ అంతర్గత లక్షణాలే. అంటే లోపమున్న జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్న కుక్క నిక్షేపంగా చూస్తుంది, కాని వాహకమై దాన్ని పిల్లలకు పంచుతుంది. రెండు వాహకాలు జతకడితే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి జబ్బుది, రెండు వాహకాలు, ఒకటి నిర్దోషి. మెండెల్ బఠాణీల లెక్కే!

మరి ఈ లోపం ఇంతగా ఎందుకు పాకింది? నన్నడిగితే తప్పు జన్యువుది కాదు, మనిషిది. పతకం గెలిచిన ఒకే మగకుక్కతో లెక్కలేనన్ని ఈతలు వేయిస్తారు. ఆపైన దాని మనవరాలినే దానికి జతచేసి ‘రక్తం నిలబెట్టాం’ అంటారు. మేనరికాల మంచిచెడ్డలు ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పాలా? చూపు తగ్గేనాటికి ఆ కుక్క పిల్లలు ఊరూరా చేరిపోయి ఉంటాయి.

‘అయితే వాహకాలన్నిటినీ సంతానం లేకుండా చేసేద్దాం’ అనే ఆవేశపరులున్నారు. ఇదీ పొరపాటే. అసలే ఇరుకైన జాతిలో సగం రక్తాన్ని తోసేస్తే మిగిలిన కొద్దిపాటిలో ఇంకో జబ్బు తలెత్తుతుంది. వాహకాన్ని నిర్దోషితో జతచేస్తే ఆ రకం గుడ్డితనం ఒక్క పిల్లకూ రాదు. దానికి కావలసింది కాస్త రక్తమో, బుగ్గలోపలి తడో తీసి చేసే జన్యుపరీక్ష. ఏ జాతికి ఏ లోపమో ఆ పరీక్షే చేయించాలి సుమా!

కుక్కలకు మనం బాకీ కూడా ఉన్నాం. పుట్టుకనుంచే చూపు సరిగాలేని బ్రియార్డ్ జాతి కుక్కలకు జన్యుచికిత్సతో చూపు వచ్చిందని 2001లో ప్రకటించారు. అదే జన్యువు లోపించిన మనుషులకు ఆ దారిలోనే తయారైన చికిత్సను 2017లో అమెరికా ఆమోదించింది. మన పిల్లల కళ్ళకు దారి చూపిన జీవిని మన డాబుకోసం గుడ్డిదాన్ని చేయడం ఏం న్యాయం?

అడిగేవాడుంటేనే అమ్మేవాడు పరీక్ష చేయిస్తాడు. మిత్రులారా, తాతల పతకాలు తర్వాత చూద్దాం. తల్లిదండ్రుల పరీక్షపత్రం ముందు అడుగుదాం. చూపించనివాడి దగ్గర కొనడం మానేద్దాం.